ఖందీల్ తీగకు తోడు వెతికిన మనిషి

పోయిన నెల మేనకోడలి పెళ్లికి గాజులు కొందామని లాడ్ బజార్ వెళ్లాను. ఒక కొట్టు గుమ్మంలో కూర్చుని ఒకాయన లక్కగాజు మీద రాళ్లు పొదుగుతున్నాడు. సన్నటి పుల్ల కొసకు మైనం అంటించుకుని, ఆవగింజంత రాయిని దానితో పైకెత్తి, ఇంకా మెత్తగా ఉన్న లక్కలో కూర్చోబెడుతున్నాడు. రాయి కుదురుకునే దాకా ఊపిరి బిగబట్టాడు. నాకు తెలియకుండానే నేనూ బిగబట్టాను. ఆ తర్వాత కొట్టువాడు పరిచి చూపించిన గాజులేవీ నా కంటికి ఆనలేదు. అక్క గుర్తొచ్చింది.

అక్క అంటే తోడబుట్టినది కాదు. శాలిబండలోని ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ఆమె బోటనీ చెప్పేది, నేను తెలుగు చెప్పేదాన్ని. పోయి ఏడాది దాటింది. కాలేజీలో పెట్టిన సంతాప సభలో మాట్లాడినవాళ్లందరూ ఆమెను త్యాగమూర్తి అన్నారు. పెళ్లి చేసుకోలేదు, ఇల్లు కట్టుకోలేదు, మొక్కలకే జీవితం ధారపోసింది అన్నారు. నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. అక్క ఏదీ ధారపోయలేదు. తనకు కావలసినదాన్ని పట్టుబట్టి సాధించుకుంది. నేను దగ్గరగా చూసిన మనుషుల్లో గెలిచి వెళ్లిన మనిషి ఎవరని అడిగితే ఆమె పేరే చెబుతాను.

ఆమె నడిచేటప్పుడు నేల చూసుకుంటూ నడిచేది. ఎదురుపడ్డవాళ్లను చెప్పులు చూసి గుర్తుపట్టేది. "కొత్త చెప్పులా, మీరనుకోలే" అని ప్రిన్సిపాల్‌తోనే ఒకసారి అన్నది. గోడ పగుల్లో ఏదైనా మొలిచి కనబడితే బస్సు తప్పిపోతున్నా సరే ఆగి, వంగి, ముక్కు దగ్గరకు తెచ్చుకుని చూసేది. ఎండిపోయిన మొక్కను చచ్చిపోయిందని అనేది కాదు. "కోపం మీదున్నది, జర ఆగు" అనేది. ఆ కోపం నెలల తరబడి నడిచేది. మరీ ఆశ్చర్యం, కొన్నిటికి నిజంగానే దిగేది.

ఆమె టిఫిన్ డబ్బా అంటే స్టాఫ్ రూములో అందరికీ భయం. మూడు గిన్నెల డబ్బా. కింద అన్నం, మధ్యలో కూర, పైన తడిగుడ్డలో చుట్టిన పూలు. ఒకరోజు పచ్చడి కోసం మా ఇంగ్లిష్ మేడమ్ పై గిన్నె మూత తీసింది. లోపలినుంచి చిన్న చిన్న ఈగలు లేచాయి. పెద్ద లొల్లయింది. అక్క మాత్రం అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని, లేచిపోతున్న ఈగల వంక దిగులుగా చూసింది. "పొద్దటి సంది ఆపిన వాటిని" అన్నది.

ఆ ఈగల సంగతి నాకు అర్థమైంది గౌలిపురాలో ఆమె అద్దెకుండే ఇంటి మిద్దె మీద. ఉస్మాన్‌గంజ్ నుంచి తెచ్చుకున్న ఖాళీ నూనె డబ్బాలకు అడుగున చిల్లులు పొడిచి వాటిలో మొక్కలు పెంచేది. అందులో సగం డబ్బాల్లో ఒకటే రకం తీగ. దారంలాంటి కాండం, సన్నటి ఆకులు, నేలలో చిన్న గడ్డ. ఎండాకాలం పైన ఏమీ ఉండదు, వట్టి మట్టి. వాన పడగానే గడ్డలోంచి తీగ లేస్తుంది. పువ్వు మాత్రం మన పువ్వుల్లా ఉండదు. అడుగున ఉబ్బిన సన్నటి గొట్టం, పైన రేకుల కొసలు కలుసుకుని చిన్న పంజరంలా ఉంటుంది. దాని అసలు పేరు లాటిన్‌లో చాలా పొడుగు. క్లాసులో పిల్లలకు నోరు తిరగలేదు. "ఖందీల్ లెక్కనే ఉన్నది మేడమ్" అని ఒక పిల్ల అన్నది. గుమ్మానికి వేలాడదీసే లాంతరులా నిజంగానే ఉంటుంది. అప్పటినుంచి అది ఖందీల్ తీగ అయింది.

అక్క ఒక పువ్వును బ్లేడుతో నిలువునా కోసి నాకు చూపించింది. గొట్టం లోపల కిందికి వాలిన వెంట్రుకలున్నాయి. అడుగున, ఉబ్బిన చోట, రెండు చిన్న ఈగలు తిరుగుతున్నాయి.

"వాసనకు వచ్చి లోపట పడ్తయ్. వెంట్రుకలు కిందికున్నయ్ కాబట్టి మీదికి రాలేవు. రేపటికి ఆ వెంట్రుకలు వాడిపోతయ్, పువ్వు వంగుతది, అప్పుడు బయటికొస్తయ్. వచ్చేటప్పుడు మూతికి పుప్పొడి ముద్ద తగులుకుంటది. దాన్ని తీస్కపోయి ఇంకో పువ్వుల పడాలె. పడితేనే కాయ."

"మరి కాయలేవి అక్కా?"

"గదే నా ఫికర్" అన్నది.

డబ్బాలన్నీ పూలతో నిండి ఉన్నాయి. ఒక్క కాయ లేదు. ఆమె ఆ తీగను బార్కస్ వెనక గుట్ట మీద, ఒకే ఒక్క బండ పగుల్లోంచి తెచ్చింది. నగరంలో ఇంకెక్కడా ఆమెకు కనబడలేదు. పగుల్లో ఉన్నవన్నీ ఒకే తల్లి గడ్డకు పిలకలు. చూడటానికి ఎన్నో మొక్కలు, నిజానికి ఒకటే మొక్క. ఈ జాతి తన పుప్పొడిని తాను ఒప్పుకోదు. ఈగ ఈ పువ్వులోంచి ఆ పువ్వులోకి ఎన్నిసార్లు తిరిగినా, అది తన దగ్గరినుంచి తన దగ్గరికే తిరిగినట్టు. క్లాసులో ఇది చెప్పినప్పుడు వెనక బెంచీ పిల్ల ఒకతె, "ఒక్క ఇంటోళ్ల మధ్యల సంబంధం చేస్కోరు కద మేడమ్, గట్లనే" అన్నదట. అక్క ఆ మాటను ప్రతి ఏడూ కొత్త క్లాసుకు చెప్పుకుని మురిసిపోయేది.

ఒక ప్రభుత్వ తోట అధికారికి ఎవరి ద్వారానో ఈ సంగతి తెలిసి, అక్క మిద్దెకు వచ్చాడు. మంచి మనిషి, పని మీద ఉత్సాహం ఉన్నవాడు.

"ఇంత కష్టమెందుకు మేడమ్?" అన్నాడు. "తీగ ముక్కలు కోసి నాటుదాం. వానాకాలం అయిపోయేలోపు వంద కుండీలు తయారు చేయిస్త. జాతి బతికినట్టే కద."

"కుండీలు వంద అయితయ్ సార్. మొక్క ఒక్కటే ఉంటది."

"అదెట్ల?"

"మీ ఫొటో వంద కాపీలు తీపిస్తే వందమంది ఆఫీసర్లయితరా?"

ఆయన నవ్వేశాడు. అక్క ముక్కలు ఇవ్వను అనలేదు, అడిగినన్ని కోసి ఇచ్చింది. కుండీలు తయారయ్యాయి. సభ పెట్టారు. అక్కకు శాలువా కప్పారు. మర్నాడు నేను మిద్దె ఎక్కేసరికి ఆ శాలువా నాలుగు కర్రల మీద పందిరై, డబ్బాలకు నీడ పడుతోంది.

తర్వాతి వానాకాలం ముసురు పట్టి వదల్లేదు. ఒకరోజు ఆ అధికారి ఫోన్ చేశాడు. కుండీల్లోని తీగలన్నీ మొదలు దగ్గర మెత్తబడి, నల్లబడి, ఒకదాని వెంట ఒకటి పడిపోయాయట. ఒక్కటి కూడా నిలవలేదు. అక్క డబ్బాల్లోవి కూడా చాలా వరకు అట్లాగే పోయాయి. గుట్ట మీది పగుల్లో నీళ్లు నిలవవు కాబట్టి అక్కడివి మిగిలాయి. అధికారి గొంతు పూర్తిగా దిగిపోయింది.

"మీరు ముందే చెప్పిండ్రు మేడమ్. నేను ఇనలే."

"మీరు నీళ్లు తక్కువ చేసింది లేదు, ఎక్కువ చేసింది లేదు" అన్నది అక్క. "ఒకదాన్ని ఏ రోగం చంపుతదో అన్నిటినీ అదే చంపుతది, అన్నీ ఒకటే కాబట్టి. వేరే మొక్క కలిస్తే వేరే వేరే పిల్లలు పుడ్తయ్. అప్పుడు ఒకటి పోయినా ఇంకోటి నిలవడ్తది. తోడు వెతకాలె సార్."

వెతికాం. నన్ను రమ్మని ఆమె అడిగినట్టు గుర్తులేదు. ఆదివారం పొద్దున్నే మా గల్లీ చివర ఆటో ఆగేది, లోపల అక్క, ఒళ్లో గొడుగు, టిఫిన్ డబ్బా. వాన తెరిపి ఇచ్చిన రోజల్లా ఏదో ఒక గుట్ట. మేం వెళ్లేసరికి కొన్ని గుట్టలు కంకరై లారీలెక్కి వెళ్లిపోయాయి. గుట్ట ఉండాల్సిన చోట గుంత, గుంతలో ఆకుపచ్చ నీళ్లు. అక్క గుంత అంచున కాసేపు నిలబడి, "పద, ఇంకోటి చూద్దాం" అనేది. ఆ "పద" అనడంలో ఆమెకు ఎప్పుడూ అలుపు లేదు. నాకుండేది. కొన్ని ఆదివారాలు తలనొప్పి అని చెప్పి పడుకున్నాను కూడా.

బార్కస్ గుట్ట కింద ఒక పెద్దాయన జామతోట ఉంది. ఆయన పూర్వీకులు నిజాం కాలంలో అరబ్బు దేశం నుంచి ఫౌజులో చేరడానికి వచ్చినవాళ్లు. ఆయనకు ఉర్దూ ఎంత వచ్చో తెలుగూ అంతే వచ్చు. గుట్ట కూడా వాళ్లదే. మేం చాచా అని పిలిచేవాళ్లం. పైకి వెళ్లేటప్పుడూ దిగేటప్పుడూ మా చేతుల్లో జామకాయలు పెట్టడం తప్ప, ఎందుకొస్తున్నారని ఎన్నడూ అడగలేదు. ఆ ఏడు మాత్రం అడిగాడు. అక్క డబ్బాలోంచి ఒక తీగ ముక్క తీసి చూపించింది.

"అరే, ఇదా" అన్నాడు చాచా. "చిన్నప్పుడు దీని గడ్డ తవ్వుకోని తింటుంటిమి. మీఠా ఉంటది. అటు పక్క మస్తుండె."

"ఏ పక్క చాచా?"

"గుట్ట వెనక. ఇప్పుడు అటు పోవద్దు టీచరమ్మా, బండలు కొడ్తున్నరు. ఫంక్షన్ హాల్ కట్టాలని..."

ఆయన మాట పూర్తయ్యేలోపే అక్క గొడుగు తీసుకుని నడవడం మొదలుపెట్టింది.

గుట్ట వెనక సగం అప్పటికే తినేసినట్టుంది. తెల్లటి రాతిపొడి, కంప్రెసర్ మోత. ఒక పెద్ద పలక బండకు వరసగా రంధ్రాలు వేసి ఉంచారు. దాని పగుల్లో, ముళ్లకంప కింద, ఖందీల్ తీగ ఉంది. ఒక్కటే. దాని ఆకు మనదానికంటే వెడల్పు. మన పువ్వు గొంతు లేత ఆకుపచ్చ. దీనిది నేరేడుపండు రంగు. అక్క అరవలేదు, నన్ను పిలవలేదు. మెల్లగా ఆ బండ మీద కూర్చుని గొడుగు తెరిచింది.

పనివాళ్లు వచ్చి లేవమన్నారు. "మీరు పోయి తినిరండి బాబూ" అని, సంచిలోంచి యూనిట్ పరీక్ష పేపర్ల కట్ట తీసింది. ఎర్ర పెన్నుతో దిద్దడం మొదలుపెట్టింది. వాళ్లు నా వైపు చూశారు. నేను చేసేదేముంది, సగం పేపర్లు తీసుకుని పక్కన కూర్చున్నాను. బోటనీ నాకేం తెలుసు, మార్కులు కూడి పెట్టాను. కంప్రెసర్ ఆగిపోయింది. కొంతసేపటికి చాచా ఆయాసపడుతూ ఎక్కి వచ్చాడు.

"గిట్ల కూసున్నరేంది టీచరమ్మా? పని ఆగిపోయింది."

"ఈ బండ ఒక్కటి వదిలెయ్యండి చాచా."

"ఒక్క తీగ కోసమా? తీస్కపోయి మీ డబ్బాల పెట్టుకోండి. నేనే తవ్విపిస్త."

"గడ్డ బండ లోపటికి పోయి కూసున్నది. తియ్యాలంటే పగులుతది. పగిలితే బతుకుతదో లేదో తెల్వది. ముక్క కోసి డబ్బాల పెడితే ముసురుకు కుళ్లుతది." ఆమె పెన్ను మూత పెట్టింది. "ఆ పక్క ఒకటున్నది, ఈ పక్క ఒకటున్నది. ఈ పట్నంల నాకు దొరికినయి ఈ రెండే. ఇంత దగ్గరున్నయ్ గని, ఆడి ఈగ గుట్ట దాటి ఈడికి రాదు. మీరు ఇది కొట్టేస్తే దానికి తోడు లేదు. ఇగ ఎన్నేండ్లు పూసినా వట్టిదే."

చాచాకు కోపం రాలేదు కానీ ఒప్పుకున్నట్టూ లేదు. హాలు సంగతి ఇంట్లో నలుగురితో ముడిపడింది, ఆయన ఒక్కడి మాట కాదు. అక్క ఒక పువ్వు తెంపింది. బ్లేడుతో కోసి ఆయన అరచేతిలో పెట్టింది. వెంట్రుకలు, కింద చిక్కుకున్న ఈగ. ఎట్లా పడుతుందో, ఎట్లా వదులుతుందో నాకు చెప్పినట్టే ఆయనకూ చెప్పింది. ఈగ మెల్లగా పాకి ఆయన బొటనవేలి గోరు మీదికి ఎక్కింది. దాని మూతి దగ్గర పసుపుపచ్చ నలుసు మెరిసింది. చాచా కళ్లజోడు సర్దుకుని, చెయ్యి కదపకుండా, అది ఎగిరిపోయే దాకా చూశాడు.

"ఇంత చిన్న జానదార్ నెత్తిన ఇంత పెద్ద పని పెట్టిండా పైవాడు" అన్నాడు. తర్వాత వెనక్కి తిరిగి పనివాళ్లతో అన్నాడు. "ఈ బండ ముట్టొద్దు. అవతలికెళ్లి కొట్టుకోండి."

"ఎన్ని రోజులు సేఠ్?"

"నేను చెప్పేదాంక."

ఆయన ఆ తర్వాత ఎప్పుడూ చెప్పలేదు. హాలు నక్ష మార్చుకున్నారు. ఇంట్లో పెద్ద పంచాయితీ అయిందని చాలా రోజులకు తెలిసింది.

ఇక పుప్పొడి మార్చడం. ఈ తీగ పుప్పొడి పొడిలా రాలేది కాదు, మైనం ముద్దలా ఉంటుంది, సూదిమొనకన్నా చిన్నది. బ్రష్షు వెంట్రుక లావైంది. సూది పువ్వును చింపింది. అక్క తన కనురెప్ప వెంట్రుక పీకి, పళ్లుకుట్టుకునే పుల్లకు గోళ్లరంగుతో అంటించింది. అది మెత్తబడి వంగిపోయింది. అప్పుడు నా ముఖంలోకి చూసింది.

"నీ రెప్పలు గట్టిగున్నయ్. ఒకటియ్యి."

"నాయా?"

"మరి ఎవరియి? చాచావి అడగాల్నా?"

కళ్లనీళ్లు పెట్టుకుంటూ ఇచ్చాను. ఆ పక్క పువ్వును టిఫిన్ డబ్బాలో తెచ్చి, ఈ పక్క పువ్వుకు చిన్న కిటికీ కోసి, వెంట్రుక కొసతో ముద్దను ఎత్తి లోపలి గాడిలోకి జార్చాలి. నేను భూతద్దం పట్టుకునేదాన్ని. "ఊపిరి పీల్చకు" అనేది. నేను బిగబట్టేదాన్ని. మొదట్లో ముట్టిన పువ్వల్లా రాలిపోయింది. ఆ వానాకాలం దాదాపు గడిచిపోయింది. నా రెప్పలు పలచబడ్డాయని ఇంట్లో అనుమానంగా చూశారు.

ఒకరోజు కాలేజీ ఆఫీసుకు ఫోన్ వచ్చింది. క్లర్కు వచ్చి క్లాసు గుమ్మంలో నిలబడి, అయోమయంగా, "మేడమ్, బార్కస్ నుంచి ఎవరో పెద్దాయన. కొమ్ములొచ్చినయని చెప్పమన్నడు" అన్నాడు. అక్క బోర్డు మీద సగం గీసిన బొమ్మ పూర్తి చేసింది. చాక్‌పీసు జాగ్రత్తగా డబ్బాలో పెట్టింది. అప్పుడు వరండాలో నా వైపు పరుగెత్తుకొచ్చింది. యాభై దాటిన మనిషి, చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని పరుగు. పువ్వు రాలిన చోట నిజంగానే రెండు లేత కొమ్ములు, మేక కొమ్ముల్లా విడివడి నిలబడ్డాయి. చాచా రోజూ గుట్ట ఎక్కి చూస్తున్నాడట, మాకు చెప్పకుండా.

కాయ పండే దాకా దానికి దోమతెర గుడ్డ సంచి కట్టి ఉంచాం. లోపల దూది తోకలున్న గింజలు. కొన్ని గుట్ట మీద, ముళ్లకంపల నీడన, పగుళ్లలోనే వేసింది. కొన్ని డబ్బాల్లో. కొన్ని తోట అధికారికి ఇచ్చింది. మొలిచినవాటిని చూడటానికి నన్ను మిద్దెకు పిలిచింది. ఒకదాని ఆకు సన్నం, ఒకదానిది వెడల్పు, ఒకదాని కాండం ఎర్రజీర. "చూడు, ఒక్కటన్నా ఇంకోదాని లెక్క ఉన్నదా?" అంటూ ఒక్కో డబ్బా దగ్గరా ఆగి, కొత్త క్లాసులో హాజరు పిలుస్తున్నంత సంబరపడింది.

మళ్లీ ముసురు పట్టిన ఏడు అధికారి ఫోన్ చేశాడు. అదే తెగులు. నేను పక్కనే ఉన్నాను. "కొన్ని పోయినయ్ మేడమ్" అన్నాడాయన. "కొన్ని నిలవడ్డయ్. వాటికి ఏం కాలే. రోగం వాటి పక్కనే ఉన్నది, ఏం కాలే." అక్క బల్ల మీద అరచేత్తో గట్టిగా కొట్టింది. స్టాఫ్ రూములో అందరూ తలెత్తి చూశారు.

ఆమె రిటైరైన ఏడు, వానలు తగ్గి ఎండ కాస్తున్న రోజుల్లో, ముగ్గురం గుట్ట ఎక్కాం. చాచా కర్ర పట్టుకుని వెనక వస్తున్నాడు. గింజ వేసిన చోట మొలిచిన తీగలు అప్పటికి పూతకొచ్చాయి. వాటిని ఆ ఏడు మేం ముట్టుకోలేదు. అక్క మోకాళ్ల నొప్పులతో వానాకాలమంతా ఇల్లు కదల్లేదు. గుట్ట నెత్తిన ఒక కంప దగ్గర ఆమె ఆగిపోయింది. తీగ మీద కొమ్ముల జంట, దాని కింద ఇంకో జంట.

"ఇవి నువ్వు చేసినవా?" అని అడిగింది.

"నేనెక్కడ చేసిన అక్కా? నువ్వు లేకుండ నాకు చేతనైతదా?"

"చాచా, మీరేమన్న ముట్టిండ్రా?"

"తౌబా. చూసుడు తప్ప నేను ముట్టలే."

అక్క ఇంకా వంగింది. పక్క కంపలో వేరే తీగ, వేరే రంగు పువ్వు. ఇక్కడినుంచి అక్కడికి మూరెడు దూరం. ఆమె వేలితో ఆ దూరాన్ని గాలిలో గీసింది. ఈగ పోయిన దారిని గీస్తున్నట్టు అటూ ఇటూ గీసింది. తర్వాత నవ్వింది. నాకు తెలిసిన అక్క నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయేది. ఆ రోజు పెద్దగా, బండలకు తగిలి తిరిగి వచ్చేంత పెద్దగా నవ్వింది. చాచా కూడా ఎందుకో తెలియకుండానే అందుకున్నాడు.

కింది జంటలో ఒక కాయ పండి ఉంది. ఎండకు అది మా కళ్ల ముందే నిలువునా పగిలింది. గాలి తగలగానే గింజలు ఒక్కొక్కటిగా దూది తోకలు విప్పుకుని లేచాయి. ఇన్నేళ్ల అలవాటు, నా చెయ్యి వాటిని పట్టుకోవడానికి ముందుకు వెళ్లింది. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"పోనియ్యి" అన్నది. "వాటికి మనతోని ఇగ పనిలేదు."

గింజలు గుట్ట వాలు దాటి, జామతోట మీదుగా, ఎటు గాలి తోస్తే అటు వెళ్లిపోయాయి. ఆమె వాటి వైపు కూడా చూడలేదు. అప్పటికే తల వంచుకుని, పక్క బండ పగుల్లో ఇంకేం మొలిచిందోనని వెతుకుతోంది.